సంకేత గణనలో స్థానిక చలరాశులు: పరిధి, ప్రారంభ విలువ

సంకేత గణన సాఫ్ట్‌వేర్ అంకెలతో పాటు అక్షరాలతోనూ లెక్క చేస్తుంది. ఒక ప్రమేయాన్ని అవకలనం చేయమంటే జవాబును సంఖ్యగా కాక మళ్లీ ప్రమేయంగానే ఇస్తుంది. మాక్సిమా, రెడ్యూస్, మేపుల్, మ్యాథమేటికా, సింపై ఈ కోవలోవి. వీటిలో ప్రోగ్రాములు రాసేటప్పుడు ఒక పని పూర్తయ్యేదాకా వాడుకుని వదిలేసే పేరును స్థానిక చలరాశి అంటారు. వాడుకలో లోకల్ వేరియబుల్ అనే పేరే ఎక్కువ. ఆ పేరు ప్రోగ్రాములో ఎంత మేర చెల్లుతుందో అంతవరకు దాని పరిధి. పని మొదలయ్యే క్షణంలో దాని దగ్గర ఉండేది ప్రారంభ విలువ. మామూలు ప్రోగ్రామింగ్ భాషల్లో ఈ రెండూ మొదటి వారంలో చెప్పి దాటేసే పాఠాలు. సంకేత గణనలో మాత్రం 1960ల నుంచీ ఒక్కో వ్యవస్థ వీటికి ఒక్కో జవాబు చెబుతోంది.

తేడా అంతా విలువ లేని పేరులో ఉంది. పైథాన్ ఫంక్షనులో విలువ ఇవ్వని స్థానిక చలరాశిని వాడితే ప్రోగ్రాము ఆగిపోతుంది. సీ భాషలో అయితే మెమొరీలో మిగిలిపోయిన చెత్త ఏదో చేతికొస్తుంది. రెండు భాషల్లోనూ అది తప్పే. సంకేత గణనలో విలువ లేని ఎక్స్ అంటే ఎక్స్ అనే బీజగణిత రాశి. విలువ లేకపోవడమే దాని ఉద్యోగం. కాబట్టి ‘ఎక్స్‌ను స్థానికం చెయ్యి’ అన్న మాటను ఇక్కడ రెండు విధాలుగా తీసుకోవచ్చు. ఎక్స్ అనే పేరును అలాగే ఉంచి, దాని విలువను కాసేపు పక్కన పెట్టడం ఒకటి. అసలు ఎక్స్‌ను ముట్టుకోకుండా, అదే పేరుతో మరో కొత్త రాశిని పుట్టించడం రెండోది.

మొదటిది నాటకంలో వేషం లాంటిది. మనిషి ఒకడే. తెర లేచాక ఊళ్లో అందరూ అతన్ని దుర్యోధనుడనే పిలుస్తారు, తెర పడ్డాక కిరీటం తీసి ఇంటికి పోతాడు. రెండోది ఊళ్లోకి మరో సుబ్బారావు కాపురం రావడం లాంటిది. పేరు ఒకటే, మనుషులు వేరు. ఇంటిపేరు కలిపి పిలవకపోతే ఉత్తరాలు తారుమారవుతాయి. కింద వివరించిన వ్యవస్థల్లో ఏది వేషం కడుతోందో, ఏది కొత్త మనిషిని తెస్తోందో గమనిస్తే వాటి వింతలు చాలావరకు అర్థమవుతాయి.

గణితంలోని మూలం

ఈ చిక్కు కంప్యూటర్లతో రాలేదు. ఎక్స్ వర్గాన్ని 0 నుంచి 1 దాకా సమాకలనం చేస్తే 1/3 వస్తుంది. ఎక్స్ తీసేసి టీ అని రాసినా అంతే. అక్కడి అక్షరం ఆ సమాకలనానికి బద్ధమై ఉంటుంది, బయటి లెక్కలోని ఎక్స్‌తో దానికి చుట్టరికం లేదు. అసలు ప్రమాదం ప్రతిక్షేపణలో ఉంది. ‘ఎక్స్ కంటే పెద్దదైన వై అనే సంఖ్య ఒకటి ఉంది’ అన్న వాక్యం ఏ ఎక్స్‌కైనా నిజం. అందులో ఎక్స్ స్థానంలో కళ్లు మూసుకుని వై రాస్తే ‘వై కంటే పెద్దదైన వై ఒకటి ఉంది’ అని తేలుతుంది, అది పచ్చి అబద్ధం. బయటినుంచి వచ్చిన వైని లోపలి వై మింగేసింది. దీన్ని పేరు చిక్కుకోవడం అంటారు. అలోంజో చర్చ్ 1930లలో రూపొందించిన లాంబ్డా కలనంలో దీనికి మందు ఉంది: ప్రతిక్షేపించే ముందు లోపలి బద్ధ చలరాశి పేరు మార్చాలి. డచ్ గణితవేత్త డి బ్రౌన్ 1972లో పేర్లనే తీసేసి, ఎన్ని పొరల అవతల బంధించబడిందో చెప్పే అంకెలు వాడవచ్చని చూపాడు. యంత్రానికి అది హాయి. మనిషి చదవాలంటే మాత్రం ప్రాణం విసిగిపోతుంది.

లిస్ప్ ఇచ్చిన ఆస్తి

జాన్ మెకార్తీ 1958లో ఎంఐటీలో లిస్ప్ భాషకు రూపకల్పన మొదలుపెట్టాడు. అతనికి వచ్చిన ఆలోచనల్లో అవకలనం చేసే ప్రోగ్రాము ఒకటి. అంటే సంకేత గణన లిస్ప్ పుట్టుకలోనే ఉంది. తొలి లిస్ప్‌లో స్థానిక చలరాశులకు డైనమిక్ పరిధి ఉండేది. ఒక పేరు కనిపిస్తే, ప్రోగ్రాము పాఠంలో అది ఎక్కడ రాసి ఉందో చూడరు. ఆ క్షణానికి నడుస్తున్న పనుల వరుసలో ఆ పేరుకు అందరికంటే చివర విలువ ఇచ్చినది ఎవరో చూసి, ఆ విలువే తీసుకుంటారు. దీనికి ఎదురుగా ఆల్గాల్ 60 భాష తెచ్చినది లెక్సికల్ పరిధి. పేరు అర్థం అది రాసిన చోటును బట్టి, చుట్టూ ఉన్న బ్లాకును బట్టి తేలిపోతుంది. పాఠం చదివితే చాలు, ప్రోగ్రామును నడిపి చూడనక్కర్లేదు.

డైనమిక్ పరిధిలోని లోపం బయటపడ్డ తీరు ఈ వ్యాస విషయానికి చాలా దగ్గరది. జేమ్స్ స్లేగిల్ లిస్ప్‌లో ఒక ఫంక్షన్ రాశాడు. అందులో లోపలికి పంపిన చిన్న ఫంక్షన్ బయటి ఎక్స్‌ను చూడాలి, కానీ మధ్యలో వచ్చిన మరో ఎక్స్‌ను పట్టుకుంది. అతను ఫిర్యాదు చేశాడు. మెకార్తీ దాన్ని మామూలు బగ్ అనుకుని, స్టీవ్ రస్సెల్ సరిచేస్తాడులే అన్న ధీమాతో ఉన్నానని తర్వాత తానే రాసుకున్నాడు. రస్సెల్ సరిచేశాడు. ఫంక్షనుతో పాటు అది పుట్టిన చోటి పరిసరాన్ని కూడా మూటగట్టి పంపే ఏర్పాటు చేశాడు. దానికే ఫునార్గ్ అని పేరు. ఆ స్లేగిలే 1961లో సమాకలనాలు చేసే తొలి పెద్ద ప్రోగ్రాము సెయింట్‌ను రాశాడు. తర్వాత సిన్ అనే మెరుగైన సమాకలన ప్రోగ్రాము రాసిన జోయెల్ మోజెస్, 1970లో ఫునార్గ్ సమస్యను అసలు పరిసర సమస్య అని పిలవాలంటూ ఒక పత్రం ప్రచురించాడు. సంకేత గణనవారూ పరిధి గురించి తలపట్టుకున్నవారూ ఒకే మనుషులు కావడం కాకతాళీయం కాదు. అక్షరాలతో లెక్క చేసేవాడికే అక్షరాలు కలిసిపోయిన బాధ ముందు తెలుస్తుంది.

మాక్సిమా, రెడ్యూస్

1968లో ఎంఐటీలో కార్ల్ ఎంగెల్‌మన్, విలియం మార్టిన్, జోయెల్ మోజెస్ మొదలుపెట్టిన మాక్సిమా పూర్వీకుడి పేరు మాక్‌సిమా (Macsyma). దాని ఒక శాఖను 1982 నుంచి విలియం షెల్టర్ కాపాడుతూ వచ్చాడు. 1998లో అనుమతి సంపాదించి స్వేచ్ఛా లైసెన్సు కింద విడుదల చేశాడు. నేటి మాక్సిమా అదే. ఇప్పుడు అది కామన్ లిస్ప్‌లో ఉంది. కామన్ లిస్ప్‌లో మామూలుగా చెల్లేది లెక్సికల్ పరిధి. అయినా మాక్సిమా వాడుకరి భాష తన పాత డైనమిక్ పరిధిని వదల్లేదు.

మాక్సిమాలో స్థానిక చలరాశులకు బ్లాక్ వాడతారు. బ్లాకులోకి అడుగుపెట్టగానే పేర్కొన్న పేర్ల పాత విలువలు దాచి, ఆ పేర్లను ఖాళీ చేస్తుంది. అప్పుడు ఆ పేరు తన విలువ తానే. బయటికి వచ్చేటప్పుడు పాత విలువలు తిరిగి పెడుతుంది. అచ్చమైన వేషం. దీని ఫలితం చూడండి: ‘జి’ అనే ఫంక్షన్ తనకిచ్చిన సంఖ్యకు ఎక్స్ కలుపుతుందనుకుందాం. ఎక్స్ = 3 అని ఉన్న బ్లాకులోంచి జి(5) అని పిలిస్తే 8 వస్తుంది. జి రాసినవాడి మనసులో ఉన్నది బయటి ఎక్స్ అయినా సరే. పెద్ద ప్రోగ్రాముల్లో ఇది చీకట్లో పాము లాంటిది.

అలాగని డైనమిక్ పరిధిని ఒట్టి పాతకాలపు పొరపాటుగా కొట్టిపారేయడం అన్యాయం. మాక్సిమా ప్రవర్తనను నడిపే స్విచ్‌లు, అంటే ఫ్లాగ్‌లు, చాలా ఉన్నాయి. దశాంశాన్ని భిన్నంగా మార్చినప్పుడల్లా వచ్చే సందేశాన్ని ఆపే రాట్‌ప్రింట్ అలాంటిది. ఒక లెక్క వరకే దాన్ని ఆపాలంటే బ్లాకులో ఆ పేరును స్థానికంగా పెట్టి ‘ఫాల్స్’ అంటే చాలు. ఆ లెక్క ఎన్ని మెట్లు కిందికి దిగినా ఆజ్ఞ వెంట వస్తుంది, లెక్క అయిపోగానే పాత స్థితి తిరిగి వస్తుంది. లెక్సికల్ పరిధితో ఇది సాధ్యం కాదు. ఒక జాగ్రత్త మాత్రం ఉంది. బ్లాక్ దాచేది విలువనే. ఆ పేరుకు అంటించిన ఫంక్షన్ నిర్వచనాలు, డిక్లరేషన్లు కూడా దాగాలంటే లోపల ‘లోకల్’ అని విడిగా చెప్పాలి.

ఆంథొనీ హెర్న్ 1960లలో భౌతికశాస్త్ర లెక్కల కోసం మొదలుపెట్టిన రెడ్యూస్‌లో మరో దారి ఉంది. ‘స్కేలర్’ అని ప్రకటించిన స్థానిక చలరాశికి బీజగణిత పద్ధతిలో ప్రారంభ విలువ సున్నా. కూడికలకు ఇది అనుకూలం, మొదట సున్నా పెట్టే వాక్యం రాసే పని తప్పుతుంది. కానీ ఆ పేరు ఎప్పుడూ ఏదో ఒక విలువతోనే ఉంటుంది కాబట్టి దాన్ని బీజగణిత రాశిగా వాడే వీలు పోతుంది. లోపల స్కేలర్ ఎక్స్ అని ప్రకటించి, ఎక్స్ వర్గం గురించి లెక్క చేయబోతే మిగిలేది సున్నా. మిగతా వ్యవస్థలు విలువలేనితనాన్ని విలువగా గౌరవిస్తే, రెడ్యూస్ స్థానిక చలరాశుల దగ్గర మామూలు ప్రోగ్రామింగ్ భాషలా ఉండిపోయింది.

మేపుల్

కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో 1980లో మొదలైన మేపుల్, ప్రొసీజర్లలో లోకల్, గ్లోబల్ అన్న ప్రకటనలు అడుగుతుంది. ప్రకటించకుండా ఒక పేరుకు విలువ ఇచ్చినా, దాన్ని లూప్ సూచికగా వాడినా తనే స్థానికమని తీర్మానించి ఒక హెచ్చరిక వేస్తుంది. ఒట్టిగా ప్రస్తావించి వదిలేసిన పేరు మాత్రం గ్లోబల్. ఒక ప్రొసీజర్ లోపల మరో ప్రొసీజర్ రాస్తే, లోపలిది బయటిదాని స్థానిక చలరాశులను చూడగలగడం 1990ల చివర్లో గానీ రాలేదు. అంతకుముందు ప్రోగ్రామర్లు లోపలి ప్రొసీజర్ పాఠంలోకి విలువను ప్రతిక్షేపించి పని గడిపేవారు.

మేపుల్‌లో కొత్తగా వచ్చినవారిని తికమకపెట్టేవి రెండు. మొదటిది మూల్యాంకనం లోతు. ఎక్స్‌కు వై, తర్వాత వైకి 3 ఇచ్చామనుకోండి. పై స్థాయిలో ఎక్స్ అడిగితే మేపుల్ చివరిదాకా వెళ్లి 3 అంటుంది. అదే వాక్యాలు ప్రొసీజర్ లోపల స్థానిక చలరాశులతో రాస్తే ఒక్క మెట్టు దిగి ‘వై’ దగ్గర ఆగిపోతుంది. చివరిదాకా వెళ్లాలంటే ‘ఇవాల్’ అని అడగాలి. వేగం కోసం చేసిన ఏర్పాటు ఇది.

రెండోది తప్పించుకున్న స్థానిక చలరాశి. ఎక్స్ అనే స్థానిక పేరును విలువ ఇవ్వకుండా ప్రొసీజర్ తన ఫలితంగా తిరిగి ఇచ్చిందనుకోండి. ప్రొసీజర్ ముగిసినా ఆ ఎక్స్ బతికే ఉంటుంది. దానిలోంచి బయటి ఎక్స్‌ను తీసివేస్తే సున్నా రాదు, తెర మీద ‘ఎక్స్ - ఎక్స్’ అని నిలబడి ఉంటుంది. ఇద్దరు సుబ్బారావులు పక్కపక్కన కూర్చున్నారు, ఇంటిపేర్లు అచ్చు కాలేదు. మేపుల్ తన నియమం ప్రకారం సరిగానే నడిచింది. చూసేవాడికి మాత్రం లెక్కల మేష్టారు తీసివేత మరిచిపోయినట్లుంటుంది.

మ్యాథమేటికా: బ్లాక్, మాడ్యూల్, విత్

స్టీఫెన్ వుల్‌ఫ్రమ్ 1988లో విడుదల చేసిన మ్యాథమేటికా తొలి రూపంలో స్థానికతకు బ్లాక్ ఉండేది. మాక్సిమా బ్లాకులా అది విలువను దాచి తిరిగి పెట్టే వేషమే. 1991లో రెండో రూపంతో మాడ్యూల్, విత్ వచ్చి చేరాయి. మూడింటినీ ఒకే చోట పెట్టి ఎంచుకోమనడం ఈ వ్యవస్థ ప్రత్యేకత. విమర్శకులకు అది గందరగోళం. నా మట్టుకు, సమస్యలో రెండు అర్థాలున్నప్పుడు రెండు పనిముట్లు ఇవ్వడమే నిజాయతీ అనిపిస్తుంది.

ముందుగా బయట ‘వైశాల్యం = భుజం²’ అని చెప్పి, భుజానికి విలువేమీ ఇవ్వలేదనుకుందాం. బ్లాకులో భుజం = 5 అని పెట్టి ‘భుజం + వైశాల్యం’ అడిగితే 30 వస్తుంది. వైశాల్యం విప్పినప్పుడు కనిపించిన భుజం కూడా ఇప్పుడు వేషంలోనే ఉంది. అదే మాడ్యూల్‌తో అడిగితే ‘5 + భుజం²’ వస్తుంది. మాడ్యూల్ తన పాఠంలో కంటికి కనిపించే భుజాన్నే మారుస్తుంది, వైశాల్యం లోపల దాగిన భుజం జోలికి పోదు.

మాడ్యూల్ ఈ పని చేసే తీరు సూటిగా ఉంటుంది. పిలిచిన ప్రతిసారీ భుజం అనే పేరు వెనక డాలరు గుర్తు, ఒక క్రమసంఖ్య తగిలించి ‘భుజం$1234’ లాంటి కొత్త పేరు తయారుచేస్తుంది. ఇంటిపేరు ఇచ్చినట్లే, కాకపోతే పిలిచిన ప్రతిసారీ కొత్త ఇల్లు. ఈ పేర్లకు తాత్కాలికమన్న గుర్తు ఉంటుంది, వాడేవారెవరూ మిగలనప్పుడు వ్యవస్థ వాటిని తుడిచేస్తుంది. ఫలితంలో ఆ పేరు బయటికి వస్తే మాత్రం డాలరు తోకతో సహా కనిపిస్తుంది. మేపుల్‌లో తప్పించుకున్న స్థానిక చలరాశికి ఇక్కడ తోక ఉంది కాబట్టి పట్టుకోవడం తేలిక. లోపం లేకపోలేదు. భుజం$1234 అని ఎవరైనా కీబోర్డు మీద కొట్టినా అది చెల్లే పేరే. వేరువేరు సెషన్లలో దాచిన ఫలితాలను ఒకచోట చేరిస్తే సంఖ్యలు ఢీకొనే అవకాశమూ ఉంది.

విత్ చలరాశినే పుట్టించదు. చెప్పిన పేరు ఉన్న ప్రతి చోటా విలువను ప్రతిక్షేపించి, ఆ తర్వాతే లెక్క మొదలుపెడుతుంది. అందుకే విత్‌లో 3 అని చెప్పిన పేరుకు లోపల 4 ఇవ్వబోతే, 3కి 4 ఇవ్వమన్నట్లే అయి తప్పు వస్తుంది. మూల్యాంకనం జరగకుండా మూసి ఉంచిన పాఠంలోకి విలువను చొప్పించడానికి ఇదొక మార్గం.

బ్లాక్ అసలు ఉపయోగం మాక్సిమాలో లాగే వ్యవస్థ స్విచ్‌ల దగ్గర ఉంది. రికర్షన్ హద్దును కాసేపు పెంచడానికి దాన్నే వాడతారు. ఒక లెక్క వరకు ఎక్స్ ధనాత్మకమని అనుకోమనే ‘అస్యూమింగ్’ కూడా లోపల, ఊహల పట్టిక ఉన్న గ్లోబల్ పేరును బ్లాక్ చేయడమే.

ప్రారంభ విలువల వరుస

మాడ్యూల్‌లో ‘పొడవు = 4, వైశాల్యం = పొడవు × 3’ అని వరుసగా ప్రారంభ విలువలు రాసి వైశాల్యం అడిగితే, 12 అనుకున్నవారికి ‘3 పొడవు’ అన్న జవాబు వస్తుంది. ప్రారంభ విలువలన్నీ స్థానిక పేర్లు పుట్టకముందే లెక్కవుతాయి. కాబట్టి రెండో దానిలోని పొడవు బయటి పొడవు. మాక్సిమా బ్లాకులోనూ ఇవి ఏకకాలంలోనే జరుగుతాయి. లిస్ప్‌లో ఇలా ఏకకాలంలో చేసేది లెట్, ఒకదాని తర్వాత ఒకటి చేసేది లెట్-స్టార్. మాడ్యూల్, బ్లాక్ లెట్ బాటలో నడిచాయి.

పైథాన్ లాంటి భాషలో బయట పొడవు లేకపోతే వెంటనే తప్పు చూపి ఆగేది. ఇక్కడ ఆగదు, విలువ లేని పొడవు చెల్లుబాటయ్యే రాశి కదా. ఇంతకంటే పాడు సందర్భం బయట పొడవుకు 10 ఉన్నప్పుడు: 30 అని మంచి సంఖ్యే వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు. ఒక విలువ మరోదాని మీద ఆధారపడితే మొదటిదాన్నే జాబితాలో ఉంచి, రెండోదానికి లోపలి పాఠంలో విలువ ఇవ్వడమో, మాడ్యూల్‌లో మాడ్యూల్ పెట్టడమో చేయాలి.

ఏకకాల పద్ధతికీ ఒక న్యాయం ఉంది. మ్యాథమేటికాలో ఫంక్షనుకు ఇచ్చిన విలువ నేరుగా పాఠంలోకి ప్రతిక్షేపితమవుతుంది. ఎన్ స్థానంలో 5 వచ్చి కూర్చున్నాక ‘ఎన్‌ను ఒకటి తగ్గించు’ అనడం కుదరదు. మేపుల్ కూడా పారామీటరుకు విలువ ఇవ్వనివ్వదు. కాబట్టి ముందుగా స్థానిక పేరులోకి నకలు తీసుకోవడం రివాజు. అప్పుడు ఎడమ పక్కన కొత్త పేరు, కుడి పక్కన పాత లోకం ఉండాలి. మాక్సిమాలో ‘ఎ’ విలువ ‘ఎ’ అని ప్రారంభించినా అర్థం ఉండేది అందుకే: బయటి ఎ విలువతో లోపలి ఎ మొదలవుతుంది.

సూచికల గొడవ

మొత్తాలకు, పట్టికలకు వాడే ఐ, జె లాంటి సూచికలను ప్రకటించాలని ఎవరికీ తోచదు. మేపుల్‌లో పై స్థాయిలో ఐకి అంతకుముందే 5 అనే విలువ మిగిలి ఉంటే ‘సమ్’ ఫంక్షన్ తప్పు చూపుతుంది. సమ్‌కు చేరేసరికే ఐ కాస్తా 5 అయిపోయి ఉంటుంది. పై స్థాయిలో నడిపిన లూప్ తన సూచికను విలువతో సహా వదిలి వెళ్తుంది కాబట్టి ఇది తరచు జరిగేదే. ఐకి కోట్‌లు పెట్టడమో, సూచికను ముందే మూల్యాంకనం చేయని ‘యాడ్’ వాడడమో మార్గం.

మ్యాథమేటికాలో టేబుల్, ప్లాట్ వంటివి సూచికను బ్లాక్ పద్ధతిలో స్థానికం చేస్తాయి. ముందుగా ఎక్కడో రాసిన ఐ² సూత్రాన్ని పేరుతో పిలిచి టేబుల్‌లో ఐని 1 నుంచి 3 దాకా నడిపితే 1, 4, 9 సరిగా వచ్చేది ఆ వేషం వల్లే. ఆల్గాల్ 60లో డెన్మార్క్‌కు చెందిన యోర్న్ జెన్సెన్ పేరిట నిలిచిన కిటుకు కూడా ఇదే ఫలితం ఇచ్చేది. అక్కడ సూచికనూ సూత్రాన్నీ విలువలుగా కాక పేర్లుగా పంపేవారు. అవకలనం చేసే ‘డి’కి మాత్రం ఈ రక్షణ లేదు. ఎక్స్‌కు 3 ఇచ్చి మరిచిపోయి, ఎక్స్ దృష్ట్యా అవకలనం చేయమంటే ‘3 చెల్లే చలరాశి కాదు’ అన్న అర్థంలో మందలింపు వస్తుంది. సెషన్ మొదట్లో పేర్లన్నీ తుడిచే అలవాటు చాలామందికి ఇక్కడే పట్టుబడుతుంది.

వ్యవస్థలు తమంతట తాము పుట్టించే పేర్లకూ ఇదే భయం. సమీకరణానికి అనంత సాధనలుంటే మాక్సిమా శాతం గుర్తుతో మొదలయ్యే ఆర్1, ఆర్2 లాంటి పేర్లు వాడి, క్రమసంఖ్యను పెంచుకుంటూ పోతుంది. అవకల సమీకరణాల స్థిరాంకాలకు మేపుల్ ఏళ్ల తరబడి సీ1కి ముందు అండర్‌స్కోర్ తగిలిస్తూ వచ్చింది. వాడుకరి ఆ పేరు పెట్టడన్న నమ్మకమే ఇక్కడి గోడ.

పైథాన్ మీద కట్టినవి

ఒంద్రేయ్ చెర్తీక్ మొదలుపెట్టిన సింపైకి సొంత భాష లేదు, అది పైథాన్ లైబ్రరీ. కాబట్టి ఇక్కడ పేర్లు రెండు పొరలు. పైథాన్ చలరాశి ఒకటి, అది చూపే గణిత సంకేతం మరొకటి. రెండింటికీ ఎక్స్ అనే పేరు పెట్టడం ఆచారం, తికమకకు కారణమూ అదే. ‘ఎక్స్ + 1’ను ఒక సమాసంగా దాచుకుని, తర్వాత పైథాన్‌లో ఎక్స్ = 2 అంటే సమాసం మారదు. పైథాన్ పేరు మరోవైపు తిరిగింది, సంకేతం తన చోటే ఉంది. మ్యాథమేటికా అలవాటుతో వచ్చినవారు 3 కోసం ఎదురుచూస్తారు.

సింపైలో ‘వార్’ అనే ఫంక్షన్ సంకేతాన్ని తయారుచేయడమే కాక గ్లోబల్ పేర్ల పట్టికలోకి చొప్పిస్తుంది. పైథాన్ మీదే కట్టిన మరో వ్యవస్థ సేజ్‌లోని వార్ కూడా అంతే, ఫంక్షన్ లోపల పిలిచినా బయటి పట్టికలోనే రాస్తుంది. అందుకే లైబ్రరీలు రాసేవారు సింపైలో ‘సింబల్స్’ వాడతారు.

పైథాన్ స్వయంగా లెక్సికల్ పరిధి పాటిస్తుంది. అది పైథాన్ పేర్లను కాపాడుతుంది గానీ సంకేతాలను కాదు. రెండు ఫంక్షన్లు విడివిడిగా ఎక్స్ అనే సంకేతం పుట్టిస్తే సింపై దృష్టిలో అవి సమానం, పేరు ఒకటైతే రాశీ ఒకటే. వాడుకరి ఇచ్చిన సమాసంలో ఎక్స్ ఉండి, ఫంక్షన్ కూడా తన సొంత పనికి ఎక్స్ వాడుకుంటే పాత పేరు చిక్కు తిరిగి వస్తుంది. దీనికోసం ‘డమ్మీ’ అనే ప్రత్యేక సంకేతం ఉంది. అదే పేరుతో రెండు సార్లు పుట్టించినా రెండూ వేరే, ఒక్కోదానికి కంటికి కనిపించని సంఖ్య ఉంటుంది. మాడ్యూల్ డాలరు తోకను లోపల దాచుకున్నట్లు. ఊహలు కూడా సంకేతం గుర్తింపులో భాగమే. ఒకచోట ఉత్త ఎక్స్, మరోచోట ధనాత్మకమని చెప్పిన ఎక్స్ పుట్టించి ఒకదానిలోంచి మరొకటి తీసివేస్తే అవి కొట్టివేసుకోవు. ‘ఎస్‌రెప్ర్’ అనే ఫంక్షనుతో సమాసం అసలు రూపాన్ని అచ్చువేయిస్తే గానీ ఒకదానికి ధనాత్మకమన్న గుర్తు ఉందనీ, మరొకదానికి లేదనీ తెలియదు.